సిటీ అంచున ఉన్న పల్లెకి మారాలనుకుంటున్నారా? ఆదివారం చూసి మాత్రం ఇల్లు ఖాయం చేసుకోకండి

సిటీలో విసుగెత్తిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక ఆదివారం ఈ ఆలోచన వస్తుంది. ఊరికే అలా తిరిగొద్దామని బండి తీస్తారు, సిటీ దాటాక రోడ్డు సన్నబడుతుంది, అటూ ఇటూ పొలాలు, నలభై యాభై ఇళ్లు, ఓ చెరువు, గాలి కూడా మారినట్టు అనిపిస్తుంది. "ఇక్కడుంటే ఎంత హాయిగా ఉంటుందో" అని ఒకరంటారు, ఇంకొకరు అప్పటికే ఫోన్లో అద్దె ఇళ్లు వెతుకుతుంటారు. మేమూ సరిగ్గా అలాగే చేశాం. మేం చూసింది ఆదివారం మధ్యాహ్నం, వానలు వెలిసిన కొత్తల్లో, గాలి అటువైపు వీస్తున్న రోజు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి వేరేగా ఉన్నా ఆ ఇల్లు తీసుకునేవాళ్లమే కాదు. సోమవారం అయ్యుంటే రోడ్డు సంగతి తెలిసేది, ఎండాకాలం అయ్యుంటే బోరు సంగతి తెలిసేది, గాలి ఇటు తిరిగుంటే రెండు కిలోమీటర్ల అవతలి చెత్తగుట్ట సంగతి ముక్కే చెప్పేది.

వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేనిప్పటికీ అలాంటి ఊళ్లోనే ఉంటున్నా, కాకపోతే ఊరు మారింది. రెండోసారి ఎలా వెతికానో, ఏం చూశానో, మొదటిసారి ఏం చూడలేదో, అదంతా ఒకచోట పెడదామని.

ముందు, అది ఎలాంటి ఊరో పోల్చుకోండి

సిటీ పక్కన ఉన్న ఊరు పల్లెటూరిలా కనిపిస్తుంది కానీ, అసలైన పల్లెటూరు కాదు. అది సిటీకి పెరడు. ఇంట్లో మనకి అవసరమైనవే, కానీ హాల్లో పెట్టుకోలేనివి పెరట్లో పడేస్తాం కదా, సిటీ కూడా అంతే. చెత్త డంపింగ్ యార్డు, మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఇటుక బట్టీలు, కంకర క్వారీలు, గోడౌన్లు, కరెంటు సబ్‌స్టేషన్లు, ఎయిర్‌పోర్టు, ఇవన్నీ సిటీ బతకడానికి కావాలి, సిటీ మధ్యలో మాత్రం ఉండకూడదు. కాబట్టి ఎవరో ఒకరి ఊరి పక్కన ఉంటాయి. మీరు వెళ్లేది ఆ ఊరేనా కాదా అన్నది మొదటి ప్రశ్న.

దీనికి ఊరికి వెళ్లక్కర్లేదు, ఇంట్లో కూర్చునే చూడొచ్చు. మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, ఆ ఊరి చుట్టూ ఐదు కిలోమీటర్ల మేర మెల్లగా జరుపుకుంటూ చూడండి. మట్టిరంగులో మెట్లు మెట్లుగా తవ్వినట్టు ఉంటే క్వారీ. పొడవాటి కోడిగుడ్డు ఆకారంలో ఎర్రగా, మధ్యలో పొగగొట్టంతో ఉంటే ఇటుక బట్టీ అయ్యే అవకాశం ఎక్కువ. గుండ్రటి తొట్లు వరసగా ఉంటే మురుగు శుద్ధి ప్లాంటు. రన్‌వే ఉంటే దాని రెండు కొసల నుంచీ తిన్నగా గీత గీయండి, ఆ గీత మీద పడే ఊళ్లన్నిటి మీదుగా విమానాలు బాగా కిందికి దిగుతూనో పైకి లేస్తూనో పోతాయి. గీతకి పక్కగా ఉన్న ఊరు రన్‌వేకి ఇంకా దగ్గరున్నా కూడా ప్రశాంతంగా ఉండొచ్చు, దూరం ఒక్కటే చూసుకుంటే ఈ విషయం తెలియదు. తర్వాత ఏడాదిలో ఏ నెలల్లో గాలి ఎటు నుంచి వీస్తుందో వాతావరణ శాఖ వెబ్‌సైట్లో చూసి, వాటిలో ఏవి మీ ఊరికి గాలి వచ్చే వైపు ఉన్నాయో గుర్తు పెట్టుకోండి.

రెండోది, పొలాలు చూడండి. 1826లో యోహాన్ హైన్‌రిష్ ఫాన్ ట్యూనెన్ అనే ఒక జర్మన్ భూస్వామి ఒక లెక్క కట్టాడు. మధ్యలో ఒక నగరం, చుట్టూ అంతా ఒకేలాంటి నేల ఉందనుకుంటే, నగరానికి ఆనుకుని పాడీ కూరగాయలూ ఉంటాయి ఎందుకంటే అవి త్వరగా పాడైపోతాయి, ఆ తర్వాత వంటచెరకు కోసం అడవి, అది బరువు కాబట్టి దూరం నుంచి మోయడం దండగ, ఆ తర్వాత ధాన్యం, అన్నిటికంటే దూరంగా పశువులు, అవి ఎలాగూ నడిచి వస్తాయి. అంటే నేలలో ఏం ఉండాలో నేల సారం ఒక్కటే కాదు, సిటీ ఎంత దూరం అన్నది కూడా తేలుస్తుందన్నమాట. లారీలు, కోల్డ్ స్టోరేజీలు వచ్చాక ఆ వలయాలు చెదిరిపోయాయి గానీ అసలు సూత్రం అలాగే ఉంది. ఇప్పుడు సిటీకి ఆనుకుని ఉన్న నేలలో పండే అతి లాభసాటి పంట ఇళ్లు.

అందుకే ఊళ్లోకి వెళ్లినప్పుడు పంట ఉన్న పొలాల కంటే పంట లేని పొలాలని ఎక్కువగా గమనించండి. బీడు పడి, చుట్టూ కొత్త కంచె వేసి, గేటుకి తాళం ఉన్న పొలం కనిపిస్తే "ఇదెవరిది?" అని పక్కన పనిచేసుకునే వాళ్లని అడగండి. "వాళ్లు సిటీలో ఉంటారు" అన్న జవాబు వరసగా నాలుగుసార్లు వచ్చిందంటే ఆ ఊరు ఇప్పటికే అమ్ముడైపోయింది. పైకి పల్లెలాగే ఉంటుంది, ఇంకో కొన్నేళ్లు ఉంటుంది కూడా, ఆ తర్వాత మీ కిటికీలోంచి కనిపించే పచ్చదనం స్థానంలో ఇంకో కిటికీ ఉంటుంది. అది మీకు ఓకే అయితే ఓకే. తెలిసి వెళ్లండి, అంతే.

ఎప్పుడెప్పుడు వెళ్లి చూడాలి

కనీసం నాలుగుసార్లు. ఒకే ఇంటి కోసం నాలుగుసార్లా అనిపిస్తుంది, కానీ దూరపు కొండలు నునుపు అన్న మాట ఊళ్లకి కూడా వర్తిస్తుంది, దగ్గరికి ఎన్నిసార్లు పోతే అంత గరుకు తెలుస్తుంది.

సోమవారం పొద్దున, మీరు ఆఫీసుకి బయల్దేరాల్సిన టైముకే, ఆ ఇంటి గుమ్మం నుంచి మీ ఆఫీసు గుమ్మం దాకా. రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి, వీలైతే మీరు బస్సులో తిరిగేవాళ్లయితే బస్సులోనే, దిగాక ఇంటిదాకా నడిచి. ఆ చివరి కిలోమీటరులో దీపాలున్నాయా, కుక్కలెన్ని, ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఒంటరిగా ఆ దారిలో రాగలరా అన్నది అప్పుడే తెలుస్తుంది. మూడోసారి గట్టి వాన పడ్డ మర్నాడు. నాలుగోసారి చలికాలం తెల్లవారుజామున.

ఈ నాలుగోది చాలామంది చూడరు, కారణం చెప్తాను. చలికాలం రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడుతుంది, నేలకి అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది, దానిపైన వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది. ఆ మూత కింద బట్టీ పొగ అయినా, తగలబెట్టిన చెత్త పొగ అయినా, పొలాల్లో కాల్చిన గడ్డి పొగ అయినా పైకి పోలేక ఊరంతా పరుచుకుంటుంది. ఎండెక్కాక అదే విడిపోతుంది. పదకొండింటికి వెళ్లి చూసి "ఎంత స్వచ్ఛమైన గాలో" అనుకునేవాళ్లు ఆ ఊరి ఆస్తమా పేషెంట్లని అడగాలి.

చలి అన్నాను కాబట్టి ఇంకో చిన్న మాట. రాత్రిళ్లు సిటీ నడిబొడ్డు కంటే అంచున ఉన్న ఊరు చల్లగా ఉంటుంది. ల్యూక్ హోవార్డ్ అనే ఆయన రెండొందల ఏళ్ల క్రితమే లండన్‌లో థర్మామీటర్లు పెట్టి ఈ తేడా పట్టుకున్నాడు. మామూలుగా ఒకటి నుంచి మూడు డిగ్రీల తేడా ఉంటుంది, గాలి లేని రాత్రి ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. కాంక్రీటూ తారూ పగలు పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతాయి, చెట్లూ తడినేలా ఉన్నచోట అంత వేడి నిలవదు. పల్లెకి మారడంలో నాకు అన్నిటికంటే నచ్చిందేంటంటే ఇదే, ఏసీ సంగతి మర్చిపోయాం.

నీళ్లు

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మా మొదటి ఊరు వదిలేయడానికి అసలు కారణం ఇదే.

సిటీలో కుళాయి తిప్పితే ఎంతో కొంత పరీక్ష చేసిన నీళ్లు వస్తాయి, బాధ్యత ఎవరిదో ఒకరిది. అంచున ఉన్న ఊళ్లో చాలావరకు మీ బోరే మీ వాటర్‌వర్క్స్, మీ సెప్టిక్ ట్యాంకే మీ డ్రైనేజీ, ఆ రెండూ ఒకే స్థలంలో, ఒకే నేల కింద. కాబట్టి వాటి మధ్య దూరం టేపుతో కొలవండి. "చాలా దూరం ఉందండీ" అన్న మాట నమ్మొద్దు. సెప్టిక్ ట్యాంకుకీ తాగునీటి బావికీ మధ్య ఎంత ఉండాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల 15 నుంచి 30 మీటర్ల మధ్య అడుగుతారు, ట్యాంకు నుంచి బయటికొచ్చిన నీళ్లు ఇంకే గుంత దగ్గరైతే ఇంకా ఎక్కువ దూరం ఉండాలి. మీ ట్యాంకు ఒక్కటే కాదు, పక్కింటివాళ్లది మీ గోడకి ఆనుకుని ఉంటే అదీ మీ లెక్కలోకే వస్తుంది. ఇంకోటి, నేల కింది నీళ్లు చాలాసార్లు పైన నేల వాలు ఎటుంటే అటే మెల్లగా పారతాయి, కాబట్టి బావి ఎగువన, ట్యాంకు దిగువన ఉండాలి. మా మొదటి ఇంట్లో సరిగ్గా తలకిందులుగా ఉండేది.

నీళ్లు తేటగా ఉన్నాయి, రుచిగా ఉన్నాయి అంటే మంచివని కాదు. ఒక సీసాలో పట్టుకెళ్లి ల్యాబ్‌లో ఇవ్వండి, సీసా వాళ్లనే అడిగి తీసుకోండి, బాక్టీరియా పరీక్షకి శుభ్రం చేసిన సీసా వేరే ఉంటుంది. రిపోర్టులో ముఖ్యంగా చూడాల్సినవి నాలుగు. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై, అంటే మలం నుంచి వచ్చే బాక్టీరియా, ఒక్కటి కూడా ఉండకూడదు. నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు. మీ దేశం పెట్టుకున్న హద్దు ఇంకా తక్కువ ఉంటే అదే పాటించండి.

వీటిలో నైట్రేట్ గురించి విడిగా చెప్పాలి. పొలాల్లో చల్లిన యూరియా నుంచీ, సెప్టిక్ ట్యాంకుల నుంచీ, పశువుల పేడ గుట్టల నుంచీ అది నీళ్లలోకి దిగుతుంది, సిటీ పక్క ఊళ్లో ఈ మూడూ ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి, నైట్రేట్ మాత్రం పోదు, పైపెచ్చు నీళ్లు కొంత ఆవిరైపోతాయి కాబట్టి మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలకి ఇది ప్రమాదం, రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది, 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టరు దీన్ని బావి నీళ్లతో ముడిపెట్టి చెప్పాడు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ ఒక్క పరీక్ష చేయించకుండా సామాను దించొద్దు. తేడా వస్తే ఆర్‌ఓ ఫిల్టరు పనిచేస్తుంది, మామూలు క్యాండిల్ ఫిల్టరు పనిచేయదు.

నీళ్లు మంచివైనా చాలినన్ని ఉంటాయా అన్నది ఇంకో టెన్షన్. బోరు ఎంత లోతు, నీళ్లు ఎంత లోతులో అందుతున్నాయి, ఇదివరకు అదే స్థలంలో వేసి ఎండిపోయిన బోర్లు ఎన్ని అని ఓనర్‌ని అడగండి, తర్వాత అదే ప్రశ్న పక్కింటివాళ్లని అడగండి, రెండు జవాబులూ కలవకపోతే పక్కింటివాళ్లదే నమ్మండి. ఊరి రోడ్డు మీద పొద్దున్నే నీళ్ల ట్యాంకర్లు సిటీ వైపు నిండుగా పోతూ, ఊళ్లోకి ఖాళీగా వస్తూ కనిపిస్తే, మీ కాళ్ల కింది నీళ్లే సిటీకి పోతున్నాయని అర్థం. అలాంటి ఊళ్లో ఈ ఏడాది ఉన్న నీళ్లు వచ్చే ఏడాది ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నీళ్లు మరీ ఎక్కువైతే? వాన పడ్డ మర్నాడు వెళ్లమన్నది అందుకే. గోడల మీద అడ్డంగా ఒకే ఎత్తులో మరక ఉందా, పాత ఇళ్లన్నీ ఎత్తు మీద కట్టి కొత్త ఇళ్లు మాత్రమే పల్లంలో ఉన్నాయా, చూసుకోండి. పాతవాళ్లు పల్లంలో ఎందుకు కట్టలేదన్నది అడగక్కర్లేదు, అదే జవాబు. చెరువు నిండితే నీళ్లు ఏ దారిన పోతాయో అరవై ఏళ్లు దాటినవాళ్లు ఎవరైనా చెయ్యి చాపి చూపిస్తారు, ఆ దారిలో ఇల్లుంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

ఇక సెప్టిక్ ట్యాంకు. మామూలుగా మూడు నుంచి ఐదేళ్లకోసారి తోడించాలి, అడుగు మడ్డి మూడోవంతుకి చేరిందంటే టైమైందని లెక్క. ఆఖరిసారి ఎప్పుడు తోడించారని అడగండి. ఓనర్ ఆలోచించి "ఎప్పుడూ నిండలేదండీ" అంటే సంతోషించకండి, అది కింద నుంచి నేలలోకి కారిపోతూ ఉండొచ్చు. మూత తీసి లోపలికి ఎవర్నీ దిగనివ్వకండి, మీరు తల కూడా పెట్టకండి, లోపలి విషవాయువులు నిమిషాల్లో మనిషిని పడగొడతాయి, కాపాడదామని దిగిన రెండో మనిషీ అక్కడే పోతాడు.

ప్రయాణం, దాంతోపాటు ఇంట్లో ఎవరు డ్రైవరు అవుతారు

ఇటలీకి చెందిన చెసారే మార్కెట్టి 1994లో ఒక విషయం రాశాడు. నడిచే కాలం నుంచి కార్ల కాలం దాకా మనుషులు రోజుకి సగటున గంటసేపే ప్రయాణానికి ఇస్తారు, వేగం పెరిగితే టైము మిగలదు, ఇల్లు దూరం జరుగుతుంది, అంతే. అంటే రానూపోనూ కలిపి గంట. మీ లెక్క రెండున్నర గంటలు వస్తే మీరు మామూలు మనుషులు చేయనిది చేయబోతున్నారు. "అలవాటైపోతుందిలే" అనుకుంటాం. జర్మనీ వివరాల మీద స్టుట్జర్, ఫ్రై అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పనిలో తేలిందేంటంటే, ప్రయాణం ఎక్కువైనవాళ్లు తమ జీవితం పట్ల తక్కువ సంతృప్తి చెప్పుకున్నారు, చవక ఇల్లో మంచి ఉద్యోగమో ఆ లోటుని పూర్తిగా పూడ్చలేదు. నా అనుభవమూ అదే. వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచి పనిచేసే వీలుంటే ఈ మొత్తం లెక్క మారిపోతుంది, రోజూ వెళ్లాల్సిన ఉద్యోగమైతే ముప్పై కిలోమీటర్ల కంటే దూరం పోవద్దనే చెప్తా.

ఇంటి నుంచి పని అన్నాను కదా, ఇంట్లో ప్రతి గదిలో నిలబడి ఫోన్ సిగ్నల్ చూడండి, సాయంత్రం ఏడు ఎనిమిది మధ్య చూడండి, అప్పుడే అందరూ వీడియోలు చూస్తుంటారు. ఫైబర్ వస్తుందా అంటే "వచ్చే నెల" అంటారు. పక్కింట్లో ఇప్పుడు ఉంటేనే ఉన్నట్టు.

అసలు సమస్య ఆఫీసు ప్రయాణం కూడా కాదు. సిటీలో పిల్లలు నడిచి ట్యూషన్‌కి పోతారు, పెద్దవాళ్లు నడిచి మందులు తెచ్చుకుంటారు, ఊళ్లో ఈ రెండిటికీ బండి కావాలి, బండికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో మారకముందే ఇంట్లో మాట్లాడుకోండి. మాట్లాడుకోకపోతే ఎవరి ఉద్యోగం చిన్నదని మిగతావాళ్లు అనుకుంటారో వాళ్ల నెత్తిన పడుతుంది, ఏడాది తిరిగేసరికి వాళ్లు మనసులో పెట్టుకున్నదంతా ఒక్కసారే బయటికొస్తుంది.

ఊరు ఎటు పెరుగుతుంది

సిటీ గుండ్రంగా పెరగదు, రోడ్లూ రైలు పట్టాల వెంట చేతివేళ్లలాగా చాచుకుంటూ పోతుంది. కోపెన్‌హాగెన్‌లో 1947లో ఈ సంగతినే ప్లానుగా మార్చేశారు, ఐదు వేళ్లలా రైలు మార్గాల వెంట ఇళ్లు, వేళ్ల సందుల్లో పచ్చదనం. దీని నుంచి మనం తీసుకోవాల్సింది ఏంటంటే, మీ ఊరు వేలు మీద ఉందా, సందులో ఉందా చూసుకోండి. వేలు మీద ఉంటే బస్సు, ఆసుపత్రి, స్కూలు త్వరగా వస్తాయి, పల్లె త్వరగా పోతుంది. సందులో ఉంటే ఇదంతా తలకిందులవుతుంది. రెండూ ఒకేచోట దొరకవు, దొరుకుతాయని చెప్పేవాళ్లు అమ్ముకునేవాళ్లే.

సిటీ ప్లానింగ్ ఆఫీసులో మాస్టర్ ప్లాన్ మ్యాప్ ఉంటుంది, దాంట్లో మీ ఊరు ఏ రంగులో ఉందో, ఆ రంగుకి అర్థమేంటో, రాబోయే రోడ్డు గీత ఎవరి ఇంటి మీదుగా పోతోందో చూడండి. పచ్చ రంగు వేశారు కదా ఎప్పటికీ పొలాలే అనుకోకండి. లండన్ చుట్టూ పచ్చని పట్టీ కోసం 1938లో చట్టం చేశారు, అది చాలావరకు నిలబడింది, కానీ ఇళ్లు ఆ పట్టీని దాటి అవతలి ఊళ్లకి దూకాయి. సియోల్ చుట్టూ 1971లో అలాంటిదే గీశారు, తర్వాత కొన్నిచోట్ల సడలించారు. ఇంకో కొసన చైనాలోని షెన్‌జెన్ ఉంది. 1980లో అక్కడ ప్రత్యేక ఆర్థిక మండలం వచ్చాక పొలాలన్నీ సిటీకి పోయాయి, ఊరివాళ్ల ఇళ్ల స్థలాలు మాత్రం వాళ్లకే మిగిలాయి, వాళ్లు ఆ స్థలాల్లోనే అంతస్తు మీద అంతస్తు వేసి వలస కార్మికులకి అద్దెకిచ్చారు. ఎదురెదురు కిటికీల్లోంచి చెయ్యి చాపితే కరచాలనం చేయొచ్చు కాబట్టి వాటికి కరచాలనం బిల్డింగులని పేరొచ్చింది. ఊరు సిటీ అంచున ఉండాల్సింది కాస్తా సిటీ మధ్యలోకి వచ్చేసిందన్నమాట, తను కదలకుండానే.

కొనేవాళ్లయితే ఇంకొక్కటి, లాయరు చూసే కాగితాల సంగతి నేను చెప్పను గానీ, దారి మాత్రం మీరే చూసుకోండి. మెయిన్ రోడ్డు నుంచి మీ గేటు దాకా వచ్చే బాట ఎవరి నేల మీదుగా వస్తోంది? కాగితంలో రాసుందా, లేక "అందరూ ఎప్పట్నుంచో ఇలాగే పోతున్నారు" అన్న మాట మీద నడుస్తోందా? ఆ నేల ఓనర్ మారిన రోజు బాటకి అడ్డంగా గోడ లేస్తుంది. అసలు నన్నడిగితే ముందు ఏడాది అద్దెకే ఉండండి. ఇల్లు కట్టి చూడు అన్నారు, నేనైతే ఇంకొకరు కట్టిన దాంట్లో ముందు ఉండి చూడు అంటా.

రాత్రి రెండింటికి ఏదైనా అయితే

గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీ మీద గట్టిగా నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) గానీ, గుండెని మళ్లీ కొట్టుకునేలా చేసే కరెంటు షాక్ గానీ అందకపోతే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. అంబులెన్సు ఊళ్లోకి రావడానికి పావుగంట పట్టినా లెక్క ఏమవుతుందో మీరే వేసుకోండి. ఇంట్లో కనీసం ఇద్దరు సీపీఆర్ నేర్చుకోండి, ఒక్కపూట పని. ఊళ్లో ఇళ్లకి నంబర్లుండవు, ఉన్నా వరసలో ఉండవు, కాబట్టి మీ ఇంటి జీపీఎస్ లొకేషన్, మెయిన్ రోడ్డు మలుపు దగ్గరి గుర్తు, రెండూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. కంగారులో సొంత ఊరి పేరు కూడా నోటికి రాదు. ఫోన్ చేసినవాళ్లు ఇంట్లో ఉండాలి, ఇంకొకరు టార్చి పట్టుకుని మలుపు దగ్గర నిలబడాలి.

పాముల గురించి అందరూ భయపడతారు, భయం కంటే ఏర్పాటు మంచిది. ఇంటి చుట్టూ గడ్డి, రాళ్ల కుప్ప, కట్టెల మోపు లేకుండా చూసుకుంటే ఎలుకలు తగ్గుతాయి, ఎలుకలు తగ్గితే పాములూ తగ్గుతాయి. చీకట్లో టార్చి, చెప్పులు లేకుండా బయట అడుగు పెట్టకండి, నేల మీద పడుకోకండి. కాటు పడితే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, పాముని వెతుక్కుంటూ టైము పోగొట్టకూడదు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటు పడ్డ చెయ్యో కాలో కదలకుండా చూసి, నేరుగా విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి. ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, దగ్గర్లోని క్లినిక్‌లో అది ఉండకపోవచ్చు, అక్కడికెళ్లి మళ్లీ ఇంకోచోటికి పరిగెత్తడంలోనే విలువైన గంట పోతుంది.

ఊరివాళ్లతో

2019లో ఫ్రాన్స్‌లో మోరిస్ అనే కోడిపుంజు కోర్టుకెక్కింది. ఒలెరాన్ అనే దీవిలో సెలవులకి వచ్చే ఇంటి ఓనర్లు, పొద్దున్నే కూసి నిద్ర చెడగొడుతోందని పక్కింటి ఆవిడ మీద కేసు వేశారు. కోర్టు కోడి వైపే తీర్పు చెప్పింది. 2021 జనవరిలో ఆ దేశం పల్లెల శబ్దాలూ వాసనలూ కూడా వారసత్వమే అని చట్టమే చేసింది. నవ్వొస్తుంది గానీ, మనం కూడా మొదటి నెలలో అదే పని చేస్తాం. పేడ వాసన, తెల్లారకముందే ట్రాక్టరు, వీధిలో కట్టేసిన గేదె, ఒక్కొక్కటీ ఫిర్యాదులాగే అనిపిస్తుంది. అవి మీకంటే ముందున్నాయి. చెత్త కాల్చడం, కాలువలోకి మురుగు వదలడం లాంటివి వేరే, వాటి మీద గట్టిగా మాట్లాడండి, కాకపోతే ఆరునెలలు ఆగి, నలుగురు తెలిశాక మాట్లాడండి.

వాళ్ల వైపు నుంచి చూస్తే మనం ఏంటి? మనం వచ్చాక అద్దెలు పెరుగుతాయి, కార్లు పెరుగుతాయి, చెరువు గట్టు మీద గేటు లేస్తుంది. వాళ్ల పిల్లలు సొంత ఊళ్లో స్థలం కొనుక్కోలేని పరిస్థితి వస్తుంది. వాళ్లు మొదట్లో ముభావంగా ఉంటే అది గర్వం కాదు. నేను వెళ్లిన మొదటి వారంలో చేసింది ఒక్కటే, పక్కన నాలుగిళ్లకి వెళ్లి నా ఫోన్ నంబరు ఇచ్చి, వాళ్లది తీసుకుని, రాత్రిపూట ఆసుపత్రికి కారు కావాలంటే అడగమని చెప్పాను. రెండో నెలలో ఒక అర్ధరాత్రి ఫోనొచ్చింది, పక్కవీధి ముసలాయన్ని తీసుకెళ్లాం. ఆ తర్వాత మా మోటారు కాలిపోయినప్పుడు నేను ఎవర్నీ పిలవలేదు, తెల్లారేసరికి ఇద్దరు గేటు దగ్గర పైపులు పట్టుకుని నిలబడున్నారు.